గ్దాన్స్క్ రేవు

ఒక ఊరిని చూడబోయే ముందు దాని పేరును సరిగా పలకడం నేర్చుకోవాలని మా గురువుగారు చెప్పేవారు. పోలండ్ దేశానికి ఉత్తరాన, బాల్టిక్ సముద్రతీరాన ఉన్న గ్దాన్స్క్ నగరం విషయంలో నాకు ఆ పని అంత సులభం కాలేదు. గకార దకారాల సంయుక్తాక్షరంతో మొదలయ్యే మాట మన భాషలో వెదకినా దొరకదు. "వాగ్దానం అనే మాటలో 'వా'ను విడిచిపెట్టి పలకండి మాస్టారూ, సగం పేరు వచ్చేస్తుంది" అని నాకు దారి చూపినవాడు ఒకప్పటి నా విద్యార్థి. ఇంటర్మీడియట్‌లో రెండేళ్ళు నా దగ్గర ద్వితీయభాషగా తెలుగు చదువుకొన్నవాడు. సంధి చెప్పమంటే కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఇప్పుడు ఆ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో నౌకానిర్మాణశాస్త్రం చదువుతున్నాడు. సంయుక్తాక్షరం అతడి నోట పాఠంగా వినవలసి వచ్చినందుకు నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ కలిగింది.

2024 ఆగస్టులో భారతీయ భాషలకు సంబంధించిన ఒక సదస్సు కోసం నేను వార్సా నగరానికి వెళ్ళాను. అక్కడి నుంచి గ్దాన్స్క్ రైలులో దాదాపు మూడు గంటల ప్రయాణం. మూడు రోజులు ఉండి వెళ్ళమని అతడు పట్టుబట్టాడు. ప్రాచీన కావ్యాలలో పురవర్ణనలు చదివి, చదివించి, వాటి మీదనే పరిశోధన చేసిన నాకు ఒక ప్రాచీన వర్తకనగరాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక ఎప్పటి నుంచో ఉన్నది. కోటలు, అగడ్తలు, మేడలు, అంగడివీధులు, రత్నాల రాశులు, ఇవన్నీ వరుసగా వర్ణించడం మన కవుల సంప్రదాయం. ఆ వరుసలోనే గ్దాన్స్క్‌నూ చూస్తాననుకొన్నాను.

క్రీ.శ. 997 నాటి సంగతులు చెప్పే రచనలోనే ఈ ఊరి పేరు లిఖితరూపంలో కనిపిస్తుంది. ఆ సంవత్సరం ఇక్కడికి వచ్చిన క్రైస్తవ మతప్రచారకుడు సెయింట్ అడాల్బర్ట్ జీవితచరిత్రలో ఆ ప్రస్తావన ఉన్నది. పోలండ్ దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీల్చుకొంటూ ప్రవహించే విస్తులా నది సముద్రంలో కలిసే చోటికి సమీపంలో, మోత్వావా అనే చిన్న నది ఒడ్డున ఊరు వెలసింది. 1308లో ట్యుటానిక్ వీరసంఘంవారు దీనిని ఆక్రమించారు. 1361 నాటికి ఉత్తర ఐరోపా రేవుపట్టణాల వర్తకకూటమి అయిన హాన్సాలో ఇది సభ్యనగరం. 1454లో పౌరులు ట్యుటానిక్ ప్రభువుల మీద తిరగబడి, పోలండ్ రాజు నాలుగవ కాసిమిర్ రక్షణను కోరారు. ఆయన విశేషమైన హక్కులనిచ్చాడు. పోలండ్ రాజుకు లోబడి ఉంటూనే తన వ్యవహారాలను తాను చక్కబెట్టుకొనే ఈ స్వేచ్ఛ దాదాపు మూడున్నర శతాబ్దాలు సాగింది. నగర ప్రజలలో జర్మన్ భాష మాట్లాడేవారే ఎక్కువ. వారి నోట ఈ ఊరు డాన్‌జిగ్.

మొదటి రోజు ఉదయం స్వర్ణద్వారం గుండా నగరంలో ప్రవేశించాము. అక్కడి నుంచి 'పొడవు వీధి', దాని చివర 'పొడవు అంగడి'. పేర్లకు అర్థాలు ఇంతే. ఇరుకైన ముఖభాగంతో, నిటారుగా, ఒకదానికొకటి భుజం ఆనించి నిలబడిన మేడలు. త్రికోణాకారపు శిఖరాల మీద శిల్పాలు. పసుపు, గులాబి, ఆకుపచ్చ వన్నెలు. అంగడి మధ్యలో 1633లో నెలకొల్పిన జలయంత్రం మీద సముద్రదేవత నెప్ట్యూన్ త్రిశూలం ధరించి నిలిచి ఉన్నాడు. ఆయన వెనుక వర్తకులు విందులు చేసుకొన్న ఆర్టస్ భవనం. మేము వెళ్ళినప్పుడు సెయింట్ డొమినిక్ తిరునాళ్ళు జరుగుతున్నాయి. 1260లో పోప్ నాలుగవ అలెగ్జాండర్ అనుమతితో ప్రారంభమైన సంత అది. వీధుల నిండా పాతసామానులు, తేనె, రొట్టెలు, తృణమణులు. బాల్టిక్ తీరంలో దొరికే తేనెరంగు రాయిని ఇంగ్లీషులో ఆంబర్ అంటారు. అది కోట్ల సంవత్సరాల క్రితపు చెట్ల బంక గట్టిపడి ఏర్పడినది. దానిని రుద్దితే గడ్డిపరకను లాగుతుంది కనుక సంస్కృతంలో తృణమణి అన్నారు. నిఘంటువులో మాత్రమే చూసిన మాటను చేతిలో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

"ఎంత పాత నగరం!" అని పైకే అన్నాను.

"కాదు మాస్టారూ, ఈ మేడలలో చాలావరకు మీకంటే పదిహేను, ఇరవై ఏళ్ళు మాత్రమే పెద్దవి" అన్నాడతడు.

అది హాస్యం కాదు. 1793లో ప్రష్యా రాజ్యం ఈ నగరాన్ని కలుపుకొన్నది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1920లో దీనిని జర్మనీకీ పోలండ్‌కూ చెందని స్వేచ్ఛానగరంగా ఏర్పాటు చేశారు. 1939 సెప్టెంబరు 1వ తేదీ వేకువజామున జర్మన్ యుద్ధనౌక ష్లెస్విగ్ హోల్‌స్టైన్ ఈ రేవు ముఖద్వారంలోని వెస్టర్‌ప్లాటె స్థావరం మీద ఫిరంగులు పేల్చింది. ఐరోపాలో రెండవ ప్రపంచయుద్ధానికి అదే నాంది. సుమారు రెండువందలమంది పోలిష్ సైనికులు ఏడు రోజులు ఎదిరించి నిలిచారు. 1945 మార్చిలో సోవియట్ సేనలు ప్రవేశించేనాటికి, ఆ తరువాతి మంటలలోనూ, నగరపు ప్రాచీనభాగంలో అత్యధికం బూడిదైపోయింది. జర్మన్ కుటుంబాలు వెళ్ళిపోయాయి, లేదా వెళ్ళగొట్టబడ్డాయి. సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన తూర్పు ప్రాంతాల నుంచి, విల్నో, ల్వూవ్ వంటి నగరాల నుంచి, తమ ఇళ్ళను పోగొట్టుకొన్న పోలిష్ ప్రజలు ఈ శిథిలాలలోకి వచ్చారు. ఇళ్ళు పోగొట్టుకొన్నవారు తమవి కాని ఇళ్ళను తిరిగి నిర్మించారు.

శిథిలాలను తొలగించి కొత్త ఊరు కట్టాలా, పాత రూపాన్నే నిలబెట్టాలా అన్న చర్చ చాలాకాలం జరిగింది. చివరకు పాత వీధుల పంక్తులను ఉంచి, పాత చిత్రాలు, ఛాయాచిత్రాల ఆధారంతో పదహారు, పదిహేడు శతాబ్దాల నాటి ముఖభాగాలను మళ్ళీ కట్టారు. ప్రష్యా కాలపు గుర్తులను కావాలనే విడిచిపెట్టారు. మేడల లోపల మాత్రం శ్రామికుల కుటుంబాలకు సాధారణమైన నివాసగృహాలు. ఒక మేడ పక్కసందులో నడిచి వెనుకకు వెళితే పెరటి చెట్లు, బట్టలు ఆరేసిన తీగలు, పిల్లలు ఆడుకొనే ఖాళీస్థలం కనిపించాయి. యుద్ధానికి పూర్వం ఆ స్థలమంతా గాలీ వెలుతురూ లేని వెనుకకట్టు ఇళ్ళతో కిక్కిరిసి ఉండేదట. యుద్ధకాలంలో విడదీసి దాచిన నెప్ట్యూన్ 1954లో తిరిగి తన స్థానానికి వచ్చాడు. ఇది అసలైన ప్రాచీనత కాదని పెదవి విరిచేవారున్నారు. నాకు అలా అనిపించలేదు. తాళపత్రం చివికిపోయినప్పుడు దానిని చూసి మరొక తాళపత్రం మీద రాసుకొన్నందువల్లనే కదా మన కావ్యాలు మనకు దక్కాయి! ఆ ప్రతులు రాసినవారి పేర్లు కూడా మనలో చాలామందికి తెలియవు.

ఈ నగరానికి సంపద ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు: ధాన్యం. పోలండ్ భూస్వాముల పొలాలలో పండిన రై, గోధుమలు విస్తులా మీద తెప్పలలోనూ పడవలలోనూ వందల మైళ్ళు దిగివచ్చి ఇక్కడి గిడ్డంగులకు చేరేవి. మోత్వావా నదిలో ఒక దీవి ఉన్నది. దాని పేరే 'ధాన్యాగారాల దీవి'. ఉచ్చస్థితిలో అక్కడ మూడువందలకు పైగా గిడ్డంగులుండేవి. అగ్నిభయం వలన అక్కడ ఎవరూ కాపురం ఉండేవారు కారు. పదిహేడవ శతాబ్ది పూర్వార్ధంలో మంచి సంవత్సరాలలో లక్ష టన్నులకు మించిన ధాన్యం ఈ రేవు దాటింది. దానిని కొన్నవారిలో ముఖ్యులు డచ్చివారు. విదేశీ వర్తకుడు నేరుగా పోలిష్ భూస్వామి వద్ద కొనడానికి వీలులేదు. నడుమ గ్దాన్స్క్ పౌరుడు ఉండితీరాలన్నది నిబంధన. రెండువైపులా లాభం ఆ నడుమనున్నవాడిదే.

డచ్చివారి పేరు వినగానే నాకు మా ఊరు గుర్తుకు వచ్చింది. కాకినాడలో మా జగన్నాథపురంలో పద్దెనిమిదవ శతాబ్దిలో డచ్చివారి వర్తకస్థావరం ఉండేది. బాల్టిక్ ధాన్యపు వ్యాపారాన్ని డచ్చివారు అన్ని వ్యాపారాలకూ తల్లి అని పిలుచుకొన్నారు. ఆ తల్లి పెంచిన ఆమ్‌స్టర్‌డామ్ నగరమే తూర్పుతీరంలో మన బట్టలు కొనడానికి ఓడలను పంపింది. నేను పుట్టిన వీధికీ, నిలబడి చూస్తున్న ఈ దీవికీ నడుమ ఒక సన్నని దారం ఉన్నదన్నమాట.

పురమందిరంలో 'ఎర్రగది' అనే సభాశాల ఉన్నది. దాని కప్పు మధ్యలో 1608లో ఐజాక్ వాన్ డెన్ బ్లాకె గీసిన చిత్రాన్ని మెడ నొప్పిపుట్టేదాకా చూశాను. యుద్ధకాలంలో ఆ గది అలంకారాలను విడదీసి దాచడం వలన అది బ్రతికింది. ఒక విజయతోరణం మీద నగరమంతా కొలువుదీరి ఉన్నది. మేఘాలలోంచి ఒక దైవహస్తం వచ్చి పురమందిర గోపురాగ్రాన్ని తాకుతున్నది. కింద విస్తులా నది మీద ధాన్యపు తెప్పలు. ముందుభాగంలో ఒక భూస్వామి, ఒక వర్తకుడు చేతులు కలుపుతున్నారు. ఎంత నిండైన చిత్రం! అయితే పొలం దున్నినవారు అందులో లేరు. భూస్వామి పొలంలో వారానికి ఇన్ని రోజులని కూలి లేకుండా పనిచేయవలసిన వెట్టిరైతులు పండించిన పంట అది. గిడ్డంగి నుంచి ఓడకు మోసినవారూ లేరు.

రెండవ రోజు వారిని చూశాను. చూశాననడం కంటే వారు నిలబడిన చోటును చూశానని చెప్పాలి.

మోత్వావా ఒడ్డున రెండు ఇటుక బురుజుల నడుమ, నది మీదికి ముక్కు చాచిన పెద్ద పక్షి వలె ఒక నల్లని కొయ్యకట్టడం ఉన్నది. అది నగరద్వారమూ అవును, బరువులెత్తే క్రేనూ అవును. పోలిష్ భాషలో దానిని జురావ్ అంటారు. క్రౌంచపక్షి అని అర్థం. ఇప్పుడున్న రూపంలో 1442 నుంచి 1444 వరకు దానిని కట్టారు. 1945లో కొయ్యభాగం కాలిపోగా తిరిగి నిర్మించారు. ఇప్పుడది సముద్రయాన మ్యూజియంలో భాగం. కొన్నేళ్ళ మరమ్మతుల తరువాత మేము వెళ్ళిన 2024లోనే మళ్ళీ తెరిచారు. రెండు టన్నుల బరువును 27 మీటర్ల ఎత్తుకు, నాలుగు టన్నులను 11 మీటర్ల ఎత్తుకు లేపగలిగేదట. సారాపీపాలు, సరుకుల మూటలు ఎత్తడమే కాక ఓడలకు తెరచాప కొయ్యలను నిలబెట్టేవారు.

లోపలికి వెళితే చీకటిలో బ్రహ్మాండమైన కొయ్యచక్రాలు కనిపించాయి. ఒక్కొక్కటి మూడు నిలువుల ఎత్తు. వాటిని తిప్పడానికి ఎద్దులు లేవు, నీటి వేగం లేదు. చక్రం లోపల మనుషులు నిలబడి మెట్లెక్కుతున్నట్లు నడిచేవారు. వారి నడకతో చక్రం తిరిగేది. చక్రంతో ఇరుసు, ఇరుసుతో మోకు, మోకుతో బరువు. రోజంతా నడిచినా వారు ఉన్నచోటనే ఉంటారు. కాలు తప్పితే పైన వేలాడుతున్న బరువు చక్రాన్ని వెనుకకు తిప్పివేస్తుంది; లోపలివారి గతి ఊహించుకోవచ్చు.

"చూశారా మాస్టారూ, ఎంత గొప్ప యంత్రమో! అయిదువందల ఎనభై ఏళ్ళనాటిది" అన్నాడతడు, చక్రపు ఆకులను లెక్కపెడుతూ. నేను సమాధానం చెప్పలేదు.

మా నాన్నగారు కాకినాడ రేవులో బస్తాలు మోశారు. నా చిన్నతనంలో పెద్ద ఓడలు గట్టుదాకా వచ్చేవి కావు. సముద్రంలో దూరంగా లంగరు వేసుకొని నిలిచేవి. సరుకు నావలలో వాటి దగ్గరకు వెళ్ళేది. గోదాము నుంచి నావ వరకు వేసిన సన్నని బల్ల మీద డెబ్బై అయిదు కిలోల బస్తాతో నడవడం నాన్నగారి పని. ఆయన మెడకూ కుడిభుజానికీ మధ్య ఎద్దు మూపురం మీద వలె ఒక కాయ కాచి ఉండేది. ఆయనకు చదువు లేదు. గుమస్తా పుస్తకంలో గీసే గీతల మీద నమ్మకమూ లేదు. బస్తాకొక గులకరాయి చొప్పున మొలలో వేసుకొని, సాయంకాలం ఇంటికి వచ్చి అరుగు మీద వాటిని పోసి నా చేత లెక్కపెట్టించేవారు. నాకు అంకెలు వచ్చింది అలాగే.

నేను డిగ్రీలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట 'ధాన్యం వ్యాపారం' అని రాశాను. పక్కన కూర్చొన్నవాడు తొంగిచూస్తున్నాడని రాశాను. "ఏం రాశావురా?" అని నాన్నగారు అడిగారు. చదివి వినిపించాను. ఆయన కొంచెంసేపు ఊరుకొని, "బియ్యం మన చేతి మీదుగానే పోతున్నాయి కదా, తప్పేముంది" అన్నారు. ఆ తరువాత ఎవరడిగినా నేను అదే మాట చెప్పాను. పురవర్ణనల మీద నేను రాసిన సిద్ధాంతగ్రంథం అంకితపత్రంలో కూడా ఆయన పేరు ఉన్నది, పని లేదు. అందులో కోటలకూ మేడలకూ తలా ఒక అధ్యాయం కేటాయించాను. రేవులో బరువు దింపినది ఎవరన్న ప్రశ్న ఎక్కడా వేయలేదు.

ఆ మధ్యాహ్నం చూసినవి నా మనసుకు సగమే పట్టాయి. 1343లో ప్రారంభమై 1502లో పూర్తయిన సెయింట్ మేరీ చర్చి ప్రపంచంలోని అతిపెద్ద ఇటుక చర్చిలలో ఒకటి. పొడవు 105 మీటర్లు. లోపల హాన్స్ డ్యూరింగర్ 1464 నుంచి 1470 వరకు శ్రమించి చేసిన ఖగోళ గడియారం ఉన్నది. తిథి, సూర్యచంద్రుల గతి, రాశులు అన్నీ అందులో తెలుస్తాయి. అటువంటిది మరొక ఊరికి చేసిపెట్టకుండా నగరపెద్దలు అతడి కళ్ళు తీయించారని ఒక కథ. తాజ్‌మహల్ శిల్పుల చేతులు నరికించారన్న మన కథ వంటిదే. రెండింటికీ చారిత్రకాధారం లేదు. అయినా రెండు దేశాల ప్రజలూ ఒకే కథ ఎందుకు కల్పించుకొన్నారో ఆలోచించదగినదే. జాతీయ మ్యూజియంలో మెమ్లింగ్ గీసిన 'తుదితీర్పు' అనే మహాచిత్రం ఉన్నది. ఇటలీకి వెళ్ళవలసిన ఆ చిత్రాన్ని 1473లో పాల్ బెనెకె అనే గ్దాన్స్క్ నావికుడు ఓడతో సహా పట్టుకొని వచ్చాడు. దానిని నెపోలియన్ సేనలు ఒకసారి, సోవియట్ సేనలు మరొకసారి తరలించుకొనిపోయాయి. 1956లో తిరిగి వచ్చింది. దొంగసొత్తుకు కూడా స్వగృహం మీద ఇంత మమకారం ఉంటుందా అనుకొన్నాను. బీరు కాచి అమ్ముకొంటూ ఇంటికప్పు మీది నుంచి చంద్రుడి పటాలు గీసిన హెవెలియస్, ఉష్ణమాపకానికి పేరిచ్చిన ఫారెన్‌హీట్, ఉపనిషత్తులను లాటిన్ అనువాదంలో చదివి ఆరాధించిన తత్త్వవేత్త షోపెన్‌హావర్, నవలాకారుడు గుంటర్ గ్రాస్ అందరూ ఈ ఊరి బిడ్డలే. షోపెన్‌హావర్ తండ్రి ఇక్కడి వర్తకుడు. 1793లో ప్రష్యా ఏలుబడి రాగానే ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

మూడవ రోజు నౌకానిర్మాణశాలకు వెళ్ళాము. అది పాతనగరం నుంచి నడిచివెళ్ళగలిగినంత దూరమే. దారిలో ఆకాశం మీద క్రేన్లు కనిపించసాగాయి, ఇవి ఇనుపవి.

1980లో ఈ నౌకాశాలలో అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ నడిపే మహిళ ఉండేది. యుద్ధంలో అనాథ అయి, ఇక్కడ మొదట వెల్డర్‌గా చేరి, మూడు దశాబ్దాలు పనిచేసింది. తోటివారి హక్కుల కోసం మాట్లాడుతున్నందుకు, పదవీవిరమణకు అయిదు నెలల ముందు ఆమెను పనిలోంచి తొలగించారు. ఆమెను తిరిగి చేర్చుకోవాలన్న కోరికతో ఆగస్టు 14న సమ్మె మొదలయింది. ఎలక్ట్రీషియన్ లేహ్ వవేన్సా గోడ దూకి లోపలికి వచ్చి నాయకత్వం వహించాడు. మూడవ రోజు జీతాలు పెంచుతామన్న హామీతో సమ్మె ముగిసిపోబోయింది. ఇతర కర్మాగారాల కార్మికులకు ఏమీ దక్కలేదన్న సంగతి గుర్తుచేస్తూ, ఇంటికి వెళుతున్నవారిని గేట్ల వద్ద నిలబెట్టినవారిలో అన్నా ఒకరు. ఆగస్టు 31న ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం చేసింది. 'సాలిడారిటీ' అనే స్వతంత్ర కార్మికసంఘం పుట్టి, కోటిమంది సభ్యులకు చేరువైంది. 1981 డిసెంబరులో సైనికశాసనం విధించి దానిని అణచినా, 1989 ఎన్నికలతో ఆ దేశపు పాలనే మారిపోయింది. అన్నా 2010లో విమానప్రమాదంలో మరణించింది.

రెండవ నంబరు గేటు ముందు 42 మీటర్ల ఎత్తున మూడు ఉక్కుశిలువలు నిలిచి ఉన్నాయి. 1970 డిసెంబరులో తుపాకీ గుండ్లకు బలైన కార్మికుల స్మారకమది. సమ్మెలో సాధించుకొన్న కోరికలలో ఒకటి. పక్కనే తుప్పురంగు ఇనుపరేకులతో ఓడ పార్శ్వం వలె కట్టిన సాలిడారిటీ కేంద్రం 2014లో తెరిచారు. అందులో రెండు ప్లైవుడ్ పలకలున్నాయి. సమ్మె రోజులలో గేటుకు వేలాడదీసిన ఇరవైయొక్క కోరికల పట్టిక. 2003లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతిపత్రాలలో చేర్చింది. ఏ శిల్పమూ లేదు, బంగారుపూతా లేదు; పలక మీద చేతితో రాసిన అక్షరాలు. ఎర్రగదిలో కంటే అక్కడ నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

బయటికి వచ్చాక అతడు అడిగాడు: "మాస్టారూ, నిన్న క్రేను దగ్గర నుంచి మీరు సరిగా మాట్లాడడం లేదు. ధాన్యపు సంగతులు వింటే నాన్నగారు గుర్తుకు వచ్చారా? ఆయనది ధాన్యం వ్యాపారమని ఒకసారి క్లాసులో చెప్పారు."

"చెప్పాను. అది నిజం కాదు" అన్నాను.

అతడు నా ముఖంలోకి చూశాడు. సంధులు అడిగిన రోజులలో కూడా నా వైపు అంత శ్రద్ధగా చూసినవాడు కాడు.

"మోసేవారు. రేవులో" అన్నాను.

రైలుకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది. శిలువలకు ఎదురుగా ఒక బల్ల ఖాళీగా కనిపించింది. ఇద్దరమూ కూర్చొన్నాము. గులకరాళ్ళ దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.